గోడలు లేని ఇంటికి గడియ

పూర్వం మన ఊళ్లలో ఇంటికి వీధివైపు అరుగులుండేవి. ఎండన పడి వచ్చిన బాటసారి ఎవరి అనుమతీ అడుగకుండానే ఆ అరుగుమీద కూర్చుండి సేద దీర్చుకొనేవాడు. ముఖపరిచయం ఉన్నవారు వసారా వరకు, బంధువులు నట్టింటి వరకు వచ్చేవారు. వంటిల్లు మాత్రం ఇంటివారిది. ఎవరెంతవరకు రావచ్చునో ఒకరికొకరు చెప్పుకోవలసిన పని లేదు. ఇంటి కట్టడమే చెప్పేది. ప్రొద్దుపోయిన తరువాత ఇంటిపెద్ద లేచి వీధితలుపుకు గడియ పెట్టేవాడు. ఆ చప్పుడు వినబడిన తరువాతనే మా చిన్నతనంలో మాకు నిద్ర పట్టేది.

నేటి ఇండ్లకు అరుగులు లేవు. తలుపుకు ముందు ఇనుప కటకటాలు, వాటికి రెండు తాళాలు, పైన ఒక కెమేరా ఉన్నవి. ఇన్ని ఉన్నా, రాత్రింబవళ్లు తెరచియుండగల ద్వారం ఒకటి మనకు తెలియకుండానే ఇంటిలో చేరినది. హాలులో గోడకు తగిలించిన చిన్న పెట్టె అది. దాని పేరు రౌటరు; అది చుట్టూ వెదజల్లే రేడియో తరంగాల వ్యవస్థ పేరు వైఫై.

పద్యాలకు అర్థం చెప్పుకొని బ్రతికే తెలుగు పంతులుకు ఈ యంత్రాల గొడవ యేల అని చదువరులు అడుగవచ్చును. నాకు ఈ పాఠం చదువు వలన రాలేదు, పొరపాటు వలన వచ్చినది. మా ఇంటిలో ఇంటర్నెట్ బిగించుటకు వచ్చిన యువకుడు, "పాస్‌వర్డు ఏం పెట్టమంటారు సార్?" అని అడిగినాడు. నేను మరచిపోలేనిది ఏదైనా పెట్టుమన్నాను. అతడు నా సెల్‌ఫోను నెంబరు పెట్టి వెళ్లినాడు. ఆ నెంబరు మా వీధిగుమ్మం ప్రక్కనున్న పేరుపలకమీద కూడా వ్రాసి ఉన్నదని మా ఇద్దరికీ తోచలేదు.

ఎదురింటి మేడమీద అద్దెకుండే విద్యార్థి ఒకడు, ఏదో పరీక్షకు దరఖాస్తు చేసుకోవలెనని వచ్చినప్పుడు ఆ పాస్‌వర్డు నేనే చెప్పినాను. కొన్ని నెలలు గడచినవి. సెలవులకు వచ్చిన మా అమ్మాయి, ఇంటర్నెట్ ఇంత మందకొడిగా ఉన్నదేమని రౌటరు లోపలి పట్టిక తెరచి చూచినది. మా ఇంటిలో పరికరాలు నాలుగు. పట్టికలో ఉన్నవి పదకొండు. "నాన్నగారూ, తక్కిన ఏడు ఎవరివి?" అన్నది. నేను కుర్రవానిని పిలిచి అడిగినాను. అతడు ఏమాత్రం తొట్రుపడకుండా, "మీరే గదండీ మాస్టారూ చెప్పారు! మా రూములో వాళ్లకీ, కింద వాటాలో వాళ్లకీ నేను చెప్పానండి. మీరేమీ అనుకోరని..." అన్నాడు.

అతనిలో కపటం లేదు. దాహమన్నవానికి నీళ్లు లేవనరాదని నేర్పిన ఇంటిలో పెరిగినవాడిని గనుక నాకూ కోపం రాలేదు. కాని అతడు వెళ్లిన తరువాత అమ్మాయి అన్న మాటకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "ఈ ఏడుగురిలో ఎవరు ఏ పని చేసినా, బయటి ప్రపంచానికి కనబడేది మన ఇంటి చిరునామాయే నాన్నగారూ!"

ఆ మాట ఎంత నిజమో తెలియవలెనంటే 2008వ సంవత్సరాన్ని గుర్తు చేసుకోవలెను. ఆ యేడు జూలై 26న అహమ్మదాబాదులో వరుసగా బాంబులు పేలి 50 మందికి పైగా మరణించినారు. ప్రేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక ఈ-మెయిలు అందినది. ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షనుకు ఐపీ అడ్రసు అనే సంఖ్య ఒకటి ఉంటుంది. ఉత్తరంమీద తపాలా ముద్రవంటిది అది. పోలీసులు ఆ ముద్ర వెంట బయలుదేరి నవీ ముంబయిలో ఒక ఫ్లాటు తలుపు తట్టినారు. అక్కడ కాపురమున్నది ఒక అమెరికా దేశస్థుని కుటుంబం. ఆయనను ప్రశ్నించినారు, కంప్యూటర్లు పట్టుకొనిపోయినారు. ఆ ఇంటి వైఫైకి తాళం లేదనీ, ఎవరో బయటినుండి దానిని వాడుకొని ఆ ఉత్తరం పంపినారనీ తదుపరి దర్యాప్తులో తేలినది. అదే సంవత్సరం ఆగస్టులో ముంబయిలోని ఒక కళాశాల వైఫైనుండి, సెప్టెంబరులో ఢిల్లీ ప్రేలుళ్లనాడు ముంబయిలోనే ఒక సంస్థ వైఫైనుండి అటువంటి ఉత్తరాలే వెళ్లినవి. ఆ తరువాత 2009లో కేంద్ర టెలికాం శాఖ వైఫై భద్రతను గురించి ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలు జారీచేసినది.

చేసినవాడు వేరొకడని చివరకు తేలవచ్చును. కాని తేలువరకు పడిన వేదనకు పరిహారం ఏది? పరుల యింటి నెట్‌వర్కులో అనుమతి లేకుండా ప్రవేశించుట మన దేశంలో 2000వ సంవత్సరపు ఐటీ చట్టం 43వ సెక్షను క్రిందికి వచ్చే తప్పిదం. దానినే దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేండ్ల వరకు కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చును. చట్టం శిక్షించేది దొంగను. అయినా పోలీసు మొదట తట్టేది ఇంటివాని తలుపునే.

ఈ అపాయం గాలిలో మాట పంపుట నేర్చిననాడే పుట్టినది. 1903 జూన్‌లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషను సభలో ఫ్లెమింగ్ అనే ఆచార్యుడు మార్కోనీ నిస్తంత్రి వార్తాయంత్రాన్ని ప్రదర్శింప సిద్ధపడినాడు. మార్కోనీ దూరాన కార్న్‌వాల్ తీరంనుండి సందేశం పంపవలెను. తన సందేశాలు ఇతరుల చెవిన పడకుండా పంపగలనని ఆయన అదివరకే ప్రకటించియున్నాడు. సందేశం రావలసిన వేళకు ముందే యంత్రం టకటక కొట్టుకొని, "ఎలుకలు" అనే మాటను పదే పదే పలికినది. ఆపైన మార్కోనీని పరిహసించే పద్యపాదాలు వచ్చినవి. నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు సమీపంలో మరొక యంత్రం పెట్టి చేసిన పని అది. ఫ్లెమింగ్ పత్రికలో మండిపడినాడు. మాస్కెలిన్ దాచుకొనలేదు, గాలిలో రహస్యం దాగదని లోకానికి చూపుటకే చేసితినని ఒప్పుకొన్నాడు. ఆయన మర్యాద మాట యెట్లున్నా, ఆయన చెప్పిన పాఠం నేటికీ చెల్లుతున్నది.

తరంగానికి మన గోడ గోడ కాదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం పొడవు ఇంచుమించు 12 సెంటీమీటర్లు. ఇటుక గోడలో కొంత బలం పోగొట్టుకొని మిగిలిన బలంతో వీధిలోనికి పోతుంది. 5 గిగాహెర్ట్‌జ్ తరంగం గోడలలో మరికొంత ఎక్కువగా చిక్కుకుంటుంది గాని పూర్తిగా ఆగదు. మా పడకగదిలో ఉన్న ఫోనుకు అందే తరంగమే ఎదురింటి మేడకూ అందుతున్నది. వీధిలోనికి పోరాదని దానిని శాసించలేము. చేయగలిగినది ఒక్కటే: పోయే మాటను, తాళపుచెవి లేనివానికి అర్థం కాని గూఢభాషలోనికి మార్చి పంపవలెను. భారతంలో విదురుడు చేసినది ఇదే. వారణావతానికి బయలుదేరిన ధర్మరాజుతో, పదిమంది వింటుండగానే, లక్కయింటి ప్రమాదాన్ని ఇతరులకు బోధపడని భాషలో చెప్పినాడు. విన్నవారందరూ విన్నారు, తెలిసినది ఒక్కనికే.

వైఫై పెద్దలు మొదట ఇచ్చిన తాళం నాసిరకమైనది. 1997లో ఏర్పడిన ప్రమాణంలోని ఆ తాళం పేరు వెప్. అది ప్రతి మాటకు ముందు ఒక మార్పుసంఖ్య చేర్చేది. అటువంటి సంఖ్యలు మొత్తం 1,67,77,216 మాత్రమే గనుక, రద్దీగల నెట్‌వర్కులో కొద్ది కాలంలోనే అవి అయిపోయి మరల మొదటికి వచ్చేవి. వాడిన ముసుగునే మరల వాడితే ముఖం బయటపడక మానదు. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అందులోని మరింత లోతైన లోపాన్ని చూపినారు. 2007 నాటికి జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు ఒక్క నిమిషంలోపల దానిని విప్పగలిగినారు. ఈలోగా 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ 2, 2018లో డబ్ల్యూపీఏ 3 అనే మేలైన తాళాలు వచ్చినవి. మన రౌటరు సెట్టింగులలో చివరి రెండింటిలో ఏదో ఒకటి ఉన్నదో లేదో చూచుకొనుట మొదటి కర్తవ్యం. వెప్ అని గాని, ఓపెన్ అని గాని ఉన్నదంటే గడియ లేనట్లే.

తాళం గట్టిదైనంత మాత్రాన చాలదు. చెవి పోలికలు ఊరందరికీ తెలియరాదు. డబ్ల్యూపీఏ 2లో ఒక చిక్కున్నది. మన ఫోను రౌటరుతో చేయి కలిపే క్షణంలో వాటి నడుమ జరిగే సంభాషణను దొంగ పట్టుకొనగలడు. అందులో పాస్‌వర్డు ఉండదు గాని, ఊహించిన పాస్‌వర్డు సరియైనదో కాదో తేల్చుకొనుటకు చాలినంత ఆనవాలు ఉంటుంది. తాళానికి మైనపు అచ్చు తీసుకొని ఇంటికి పోయి, తీరికగా చెవులు అరగదీసి చూచుకొన్నట్లు, అతడు తన కంప్యూటరులో ఒక్కొక్క మాటనే పెట్టి పరీక్షించవచ్చును. మన గుమ్మం దగ్గర నిలబడనక్కరలేదు. ఈ ఇంటిపరీక్షను డబ్ల్యూపీఏ 3 సాగనీయదు. అందుచేతనే దానిని మేలైనదన్నాను.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. లెక్కల మాస్టార్లు తరగతిలో చేయించదగిన లెక్క ఇది. దొంగ యంత్రం సెకనుకు పది లక్షల మాటలు పరీక్షించగలదనుకొందాము. నేటి యంత్రాలకు ఇది ఎక్కువేమీ కాదు. పుట్టినతేదీని పాస్‌వర్డుగా పెట్టినవాని సంగతి చూడండి. నూరేండ్లలో ఉన్న తేదీలు 36,525; ఒక్క సెకను కూడ పట్టదు. ఎనిమిది అంకెల సంఖ్యలు మొత్తం పది కోట్లు. నూరు సెకనులు చాలును. నేను పెట్టుకొన్న సెల్‌ఫోను నెంబరుకు పది అంకెలు. మన దేశంలో అది 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుంది గనుక మొత్తం 400 కోట్లు. అవి 4,000 సెకనులలో, అనగా గంటా ఏడు నిమిషాలలో ముగుస్తవి. మా పేరుపలక చదవగలవానికి అదీ అక్కరలేదు!

మరి గట్టి మాట యేది? పాస్‌వర్డు 8 నుండి 63 అక్షరాల వరకు ఉండవచ్చునని ప్రమాణం. చాలమంది మొదటి సంఖ్యతోనే తృప్తి పడుతున్నారు. కష్టమైన గుర్తులు జొప్పించి మరచిపోవుటకంటె, ఒకదానితో ఒకటి పొసగని మామూలు మాటలను నాలుగైదు కలుపుకొనుట మేలు. ఎనిమిది వేల మాటల నిఘంటువునుండి చీట్లు వేసి నాలుగు మాటలు తీసినామనుకొందాము. వాటి కూర్పులన్నీ పరీక్షించుటకు ఆ యంత్రానికే దాదాపు 130 సంవత్సరాలు పట్టును. ఐదవ మాట చేరిస్తే పది లక్షల సంవత్సరాలు. చింత, పలక, గోదారి, మిరియం, ఉత్తరం అనే వరుసను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొంటే తెలుగు పిల్లవానికి గుర్తుండదా? ఇది అచ్చులో పడినది గనుక ఇక దీనిని ఎవరూ వాడరాదు. ఎవరి చీట్లు వారు వేసుకోవలెను. చీట్లే యేల అంటారా? మన మనస్సుకు తోచినదానిని వదిలితే అది పిల్లల పేర్లకో, ఇష్టదైవానికో, అందరికీ నోటికి వచ్చిన పద్యపాదానికో పోతుంది. భాషాపండితులకు ఈ చివరి ప్రమాదం మరీ ఎక్కువ. మనకు సులభంగా తోచినది దొంగకు కూడ తోస్తుంది.

పాస్‌వర్డు సంగతి వదలి, నెట్‌వర్కు పేరు కనబడకుండా దాచితే చాలుననీ, మన పరికరాల సంఖ్యలు వ్రాసిపెట్టి వాటినే రానిస్తే చాలుననీ కొందరు సలహా ఇస్తారు. వాల్మీకంలో లేకపోయినా మన తోలుబొమ్మలాటలలో చిరపరిచితమైన మైరావణుని కథ ఇక్కడ గుర్తుకు వస్తుంది. నిద్రించే రామలక్ష్మణుల చుట్టూ హనుమంతుడు తన వాలాన్నే కోటగా చుట్టి కాపలా కాచినాడు. కోటకు లోటు లేదు. కాపలావానికి బలం తక్కువ లేదు. మైరావణుడు విభీషణుని రూపు ధరించి వచ్చినాడు. తెలిసిన ముఖమే గదా అని హనుమంతుడు దారి ఇచ్చినాడు. పరికరపు సంఖ్య కూడ అటువంటి రూపమే. అది గాలిలో తేటగా వినబడుతుంది. దొంగ దానిని నిమిషంలో తన యంత్రానికి తగిలించుకొనగలడు. దాచిన పేరును మన ఫోనే తడవకొకసారి పిలిచి బయట పెడుతుంది. అందుచేత రూపాన్ని గాక, రహస్యాన్ని అడిగి తెలుసుకొనుటే కాపలా.

ఇక మిగిలిన జాగ్రత్తలు కొద్దివి. రౌటరుకు తాళపుచెవులు రెండు. వైఫైలో చేరుటకు ఒకటి, రౌటరు సెట్టింగులు మార్చుటకు మరొకటి. ఈ రెండవది చాల ఇండ్లలో కంపెనీవారు ఇచ్చిన "అడ్మిన్" అనే మాటగానే ఉండిపోతున్నది. 2016లో మిరాయ్ అనే దుష్టప్రోగ్రాము ఇటువంటి కంపెనీ పాస్‌వర్డులను పట్టి లక్షలాది కెమేరాలను, రౌటర్లను వశపరచుకొన్నది. అది గాలిలో గాక ఇంటర్నెట్ మార్గాననే వచ్చినది. ఆ యేడు అక్టోబరు 21న వాటి బలంతో జరిగిన దాడివలన అమెరికాలో పేరుపొందిన వెబ్‌సైట్లెన్నో గంటల తరబడి అందలేదు. ఆ పరికరాల యజమానులకు తమ ఇంటి పెట్టె సైన్యంలో చేరినదని కూడ తెలియదు. కనుక ఆ రెండవ చెవిని మార్చవలెను.

బొత్తాం నొక్కి సులభంగా కలుపుకొనే డబ్ల్యూపీఎస్ అనే సదుపాయంలో ఎనిమిది అంకెల పిన్ ఒకటున్నది. దానిని రౌటరు రెండు సగాలుగా విడదీసి పరీక్షించుటచేతనూ, చివరి అంకె తక్కినవాటి లెక్కే అగుటచేతనూ, 11,000 యత్నాలలో అది పట్టుబడుతుందని 2011 డిసెంబరులో బయటపడినది. ఆ పిన్‌ను తీసివేయుట క్షేమం. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ డబ్ల్యూపీఏ 2లోనే ఒక లోపం కనిపెట్టినాడు. కంపెనీలు దానికి మందు పంపినవి. ఆ మందు సాఫ్ట్‌వేరు అప్‌డేటు రూపంలో వస్తుంది. పుచ్చుకొననివానికి రోగం కుదరదు గదా! మరీ పాతబడి, అప్‌డేట్లు రాని రౌటరును మార్చుట మంచిది.

ఇంతవరకు తలుపు వేయుటను గురించి చెప్పినాను. మరి అడిగినవానికి లేదనుట యెట్లు? నన్ను ఎక్కువ బాధించిన ప్రశ్న ఇదే. ఎదురింటి కుర్రవానికి దరఖాస్తు గడువు ఆ రాత్రితో ముగుస్తున్నది. పొమ్మనుటకు నాకు నోరు రాదు. దీనికి మా అమ్మాయి చూపిన ఉపాయం నాకు పరమానందం కలిగించినది. నేటి రౌటర్లలో చాలవాటిలో అతిథి నెట్‌వర్కు అనేది వేరుగా ఉన్నది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు. వచ్చినవాడు ఇంటర్నెట్ చూచుకొనగలడు గాని మన కంప్యూటరులోనికి, ప్రింటరులోనికి, కెమేరాలోనికి రాలేడు. అక్కర తీరగానే దానిని ఆర్పివేయవచ్చును. మన పూర్వుల అరుగే ఇది! మనం కూలగొట్టుకొన్న అరుగును ఈ పెట్టెలో ఎవరో మరల కట్టిపెట్టినారు.

అయితే అరుగుమీద కూర్చున్నవాడు చేసే పనికీ బయట కనబడేది ఇంటి చిరునామాయే. కనుక అరుగు కూడ ముఖమెరిగినవారికే, అక్కరున్నంతసేపే. నేను ఆ కుర్రవానిని మరునాడు పిలిచి, పాత పాస్‌వర్డు మార్చిన సంగతి, 2008 నాటి ఆ ఇంటి కథ చెప్పినాను. అతడు కాసేపు మాటలాడలేదు. "ఇంతుందని నాకు తెలియదండి మాస్టారూ" అన్నాడు. కంప్యూటరు చదువు చదివే ఆ బాలునికి తెలియలేదు, కావ్యాలు చెప్పే నాకూ తెలియలేదు. ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. అతిథి పాస్‌వర్డు కాగితంమీద వ్రాసి ఇచ్చి, ఇది మరొకరికి ఇచ్చేముందు నన్నడుగుమన్నాను. ఈనాటికి అడుగుతూనే ఉన్నాడు.

ఉపాధ్యాయులు ఒక్క పాఠపు గంట ఈ సంగతికి కేటాయించవలెనని నా మనవి. పిల్లలు ఆ సాయంకాలమే ఇంటికి పోయి రౌటరు పట్టిక తెరచి, పరికరాలెన్ని ఉన్నవో తల్లిదండ్రులకు లెక్కచెప్పగలరు. మా ఇంటి పట్టికలో ఇప్పుడు నాలుగే ఉన్నవి. పేరుపలకమీద నెంబరు అట్లే ఉన్నది. దానితో ఇప్పుడు తెరచుకొనే తలుపేదీ లేదు.